గుమ్మడికాయల దొంగ, భుజాలు, ఒక యంత్రం

‘గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడు’ అనే సామెత మీరంతా వినేవుంటారు. బూడిద గుమ్మడికాయ పైన తెల్లటి పొడి వుంటుంది. కాయని భుజాన వేసుకుని మోస్తే ఆ పొడి భుజానికి అంటుకుంటుంది. రచ్చబండ దగ్గర పెద్దమనిషి ఒకాయన “దొంగ భుజం మీద ఇంకా బూడిద వుందర్రా!” అన్నాడు. అసలు దొంగ చెయ్యి, అతనికి తెలియకుండానే, భుజం మీదికి పోయింది. పట్టుబడిపోయాడు.

కథ బాగానే వుంది. కానీ ఒక్క సందేహం. ఆ రచ్చబండ దగ్గర ఇంకో పాతికమంది కూర్చునే వుంటారు కదా? వాళ్ళలో ఒకడు వట్టి పిరికివాడు. ఇంకొకడు అప్పుడే సున్నం వేసిన గోడకి ఆనుకుని వచ్చాడు. పెద్దమనిషి ఆ మాట అనగానే వాళ్ళు కూడా భుజాలు తడుముకోరా? సామెత చెప్పినవాళ్ళు ఈ సంగతి మనకి చెప్పలేదు.

పోలీసుల దగ్గర ‘లై డిటెక్టర్’ అని ఒక యంత్రం వుందని మీరు పత్రికల్లో చదివే వుంటారు, సినిమాల్లో చూసే వుంటారు. దాని అసలు పేరు పాలిగ్రాఫ్. అది చేసే పనల్లా మనిషి భుజాలు తడుముకుంటున్నాడో లేదో చూడటమే. ఆ మాటకి అర్థం ఏమిటో, దానివల్ల చిక్కు ఎక్కడ వస్తుందో చూద్దాం.

ముందుగా ఒక చిన్న కథ కల్పించుకుందాం. మీ బాబాయి ఒక సహకార సంఘంలో గుమాస్తా అనుకోండి. ఒక రోజు పొద్దున్న పెట్టె తీస్తే నలభై వేలు లేవు. తాళం బద్దలవలేదు. అందుచేత అక్కడ పనిచేసే అయిదుగురి మీదా అనుమానం వచ్చింది. పోలీసు అధికారి మీ బాబాయిని పిలిచి, “మీరు తియ్యలేదంటున్నారు కదా, లై డిటెక్టర్ పరీక్షకి ఒప్పుకోండి. నిజం చెప్పేవాడికి భయమెందుకు?” అన్నాడు. బాబాయి ఇంటికొచ్చి, “నువ్వు సైన్సు చదువుతున్నావుగా, ఏం చెయ్యమంటావురా?” అని మిమ్మల్ని అడిగాడు. బాబాయి నిజంగానే ఆ డబ్బు తియ్యలేదు. మీరేం చెబుతారు?

తొందరపడి జవాబు చెప్పకండి.

నోట్లో బియ్యం గింజలు

అబద్ధాన్ని ఒంట్లోంచి బయటికి లాగాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. మన పాత ధర్మశాస్త్రాల్లో ‘దివ్యాలు’ అనే పరీక్షలు చెప్పారు. నిప్పుతో ఒకటి, నీటితో ఒకటి, విషంతో ఒకటి. వాటిలో తండులం అనేది దొంగతనాల కోసం పెట్టిన పరీక్ష. తండులం అంటే బియ్యం. అనుమానం వున్నవాడి చేత బియ్యం నమిలించి, ఆకు మీద ఉమ్మించేవారు. ఉమ్మిలో రక్తపు చార కనిపించినా, నమిలేటప్పుడు దవడ వణికినా వాడే దొంగ.

వినడానికి మూఢనమ్మకంలా వుంది గానీ, దీని వెనక కొంచెం శరీరశాస్త్రం లేకపోలేదు. భయం వేసినప్పుడు మీ నోరు ఎండిపోవడం గమనించారా? లాలాజలం తగ్గిపోతుంది. ఎండిన నోట్లో పచ్చి బియ్యం నమిలితే చిగుళ్ళు గీసుకుపోయే అవకాశం వుంది. దేవుడు సాక్ష్యం చెప్పాడని అప్పటివాళ్ళు అనుకున్నారు. లాలాజల గ్రంథులు చెప్పాయని మనం అనుకోవచ్చు.

కానీ ఆ గ్రంథులు చెప్పింది ఏమిటి? ‘ఇతను దొంగ’ అనా? కాదు, ‘ఇతనికి భయంగా వుంది’ అని మాత్రమే. ఈ తేడాని గట్టిగా పట్టుకోండి. మిగతా వ్యాసమంతా దీని మీదే నడుస్తుంది.

మన ఒంట్లో కొన్ని పనులు మన చెప్పుచేతల్లో వుంటాయి. చెయ్యి ఎత్తమంటే ఎత్తుతాం. కొన్ని వుండవు. గుండెని ‘కాస్త నెమ్మదిగా కొట్టుకో’ అంటే వినదు. ఇలాంటి పనులన్నీ చూసుకునేది స్వయంచోదిత నాడీ వ్యవస్థ. అందులో సహానుభూత వ్యవస్థ అనే ఒక భాగం వుంది. ఆపద వచ్చిందనిపిస్తే చాలు, అది లేచి కూర్చుంటుంది. మూత్రపిండాల మీద టోపీల్లా వుండే అధివృక్క గ్రంథుల నుంచి ఎడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తపు పోటు పెరుగుతుంది, ఊపిరి తీరు మారుతుంది, అరచేతుల్లో చెమట పడుతుంది. పులి ఎదురైతే పారిపోవడానికో, తిరగబడడానికో శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. ఎదురైంది పులా, పోలీసా, పరీక్ష పేపరా అన్నది దానికి అనవసరం.

లెక్కల మాస్టారు తరగతిలోకి వచ్చి “బోర్డు మీద ఈ బొమ్మ గీసిందెవరు?” అని ఉరిమినప్పుడు, గీసినవాడి గుండె ఒక్కటే కొట్టుకుంటుందా? మీ అనుభవం మీకు తెలుసు.

యంత్రంలో ఏముంది?

పాలిగ్రాఫ్ అంటే గ్రీకు భాషలో ‘అనేక రాతలు’ అని అర్థం. నిజానికి అది ఒకే యంత్రం కాదు, మూడు నాలుగు మామూలు పరికరాల కూర్పు. ఛాతీ చుట్టూ ఒకటి, పొట్ట చుట్టూ ఒకటి గొట్టాల్లాంటి పట్టీలు కడతారు. ఊపిరి తీసినప్పుడల్లా అవి సాగుతాయి, వదిలినప్పుడు ముడుచుకుంటాయి. జబ్బకి, డాక్టరుగారు బి.పి. చూసేటప్పుడు చుట్టేలాంటి పట్టీ చుడతారు. రెండు వేళ్ళకి చిన్న లోహపు బిళ్ళలు తగిలిస్తారు. వాటి గుండా మనకి తెలియనంత కొద్దిపాటి విద్యుత్తు పోతుంది. చెమటలో ఉప్పు వుంది కదా, చెమట పట్టిన చర్మం విద్యుత్తుని మరింత బాగా పోనిస్తుంది. ఈ మార్పులన్నీ పూర్వం కదిలే కాగితం మీద కలాలు గీతలు గీసేవి. ఇప్పుడు కంప్యూటరు తెర మీద కనిపిస్తాయి.

అంతే. ‘అబద్ధం’ అని వెలిగే ఎర్ర దీపం అందులో ఎక్కడా లేదు. అబద్ధానికని ప్రత్యేకంగా ఒక గీత వుండదు. సిగ్గుపడ్డా, కోపం వచ్చినా, భయపడ్డా, అబద్ధం ఆడినా ఒంట్లో వచ్చే మార్పులు దగ్గర దగ్గరగా ఒకటే. గీతలు గీసేది యంత్రం. ‘ఇది అబద్ధం’ అనేది మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషి.

దీని చరిత్ర కూడా వింతైనదే. అబద్ధమాడేటప్పుడు రక్తపు పోటు పెరుగుతుందని 1915 ప్రాంతంలో అమెరికాలో హార్వర్డులో చదువుకుంటున్న విలియం మార్స్టన్ ప్రచారం మొదలుపెట్టాడు. (తరవాత 1941లో పిల్లల బొమ్మల కథల కోసం ‘వండర్ వుమన్’ అనే పాత్రని సృష్టించింది ఈయనే. ఆమె దగ్గరున్న తాడు చుట్టుకున్నవాడు నిజం చెప్పక తప్పదు! యంత్రంతో సాధించలేకపోయింది బొమ్మల్లో సాధించాడన్నమాట.) 1921లో కాలిఫోర్నియాలోని బర్కిలీ పోలీసు శాఖలో జాన్ లార్సన్ అనే ఉద్యోగి ఊపిరినీ రక్తపు పోటునీ ఆగకుండా ఒకేసారి నమోదు చేసే యంత్రం తయారుచేశాడు. అతని దగ్గర పని నేర్చుకున్న లియొనార్డ్ కీలర్ దాన్ని ఊరూరా తిప్పి పేరు తెచ్చిపెట్టాడు. లార్సన్‌కి మాత్రం రానురాను దిగులు పట్టుకుంది. తను శాస్త్రపరిశోధన కోసం చేసిన వస్తువు మనుషుల్ని బెదిరించే భూతంగా మారిందని ముసలితనంలో వాపోయాడు. 1923లోనే వాషింగ్టన్‌లో ఒక న్యాయస్థానం మార్స్టన్ చేసిన పరీక్షని సాక్ష్యంగా తీసుకోవడానికి ఒప్పుకోలేదు. దానికి శాస్త్రజ్ఞుల్లో తగినంత ఆమోదం లేదు పొమ్మంది.

ప్రశ్నల్లో వుంది కిటుకు

“అందరికీ భయం వేస్తుంది సరే, ఆ సంగతి పరీక్ష చేసేవాళ్ళకి తెలియదా?” అని మీరు అడగవచ్చు. బాగా తెలుసు. అందుకే ఒక ఉపాయం కనిపెట్టారు. 1947లో జాన్ రీడ్ అనే ఆయన చెప్పిన పద్ధతి ఇది. మీ బాబాయిని కూర్చోబెట్టి మూడు రకాల ప్రశ్నలు కలిపి అడుగుతారు. “ఇవాళ బుధవారమేనా?” అనేది ఊరికే అడిగే ప్రశ్న. “సంఘం పెట్టెలో నలభై వేలు నువ్వు తీశావా?” అనేది అసలు ప్రశ్న. “నీకు ఇరవై ఏళ్ళు రాకముందు నీది కాని వస్తువు ఎప్పుడైనా తీసుకున్నావా?” అనేది పోలిక కోసం అడిగే ప్రశ్న.

మూడోది చూశారా? చిన్నప్పుడు పక్కింటివాళ్ళ జామకాయో, అన్నయ్య పెన్సిలో తియ్యనివాడు ఎవడు? కానీ పోలీసుల ముందు కూర్చుని “అవునండీ, తీశాను” అనడానికి నోరు రాదు. “లేదు” అంటాడు. అది అబద్ధమని అతనికీ తెలుసు, కాబట్టి లోపల గుబులు. పరీక్ష చేసేవాడి లెక్క ఏమిటంటే: నిర్దోషికి నలభై వేల ప్రశ్న కన్నా ఈ జామకాయ ప్రశ్న దగ్గర ఎక్కువ గుబులు పుడుతుంది. దొంగకి నలభై వేల ప్రశ్న దగ్గరే ఎక్కువ గుబులు పుడుతుంది. రెండు చోట్లా గీతల ఎత్తు పోల్చి చూస్తే చాలు.

తెలివైన ఉపాయమే. కానీ మీరే బాబాయి స్థానంలో కూర్చుని చూడండి. ఒక ప్రశ్న జామకాయ గురించి. రెండో ప్రశ్నకి యంత్రం పొరపడితే ఉద్యోగం పోతుంది, ఊళ్ళో పరువు పోతుంది, జైలు కూడా రావచ్చు. డబ్బు తియ్యని మనిషికి ఈ రెండిట్లో ఏది వినగానే గుండె ఝల్లుమంటుంది? నిర్దోషికి అసలు ప్రశ్న తేలిగ్గా వుంటుందన్న నమ్మకం మీదే ఈ పద్ధతి మొత్తం నిలబడింది. నాకైతే ఆ పునాది మీద గోడ కట్టే ధైర్యం లేదు.

ఇది ఊహ మాత్రమే కాదు. 1978లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక దుకాణంలో ముసుగు వేసుకున్న మనిషి ఒకడు తుపాకి పేల్చాడు. దెబ్బ తిన్న మనిషి చనిపోయే ముందు, కాల్చినవాడు తనకి తెలిసిన ఫ్లాయిడ్ ఫేలా అనిపించాడని అన్నాడు. ఫేని పట్టుకున్నారు. అతని మీద ఇంకే గట్టి సాక్ష్యమూ లేదు. అప్పుడు ప్రభుత్వం తరఫు న్యాయవాది ఒక బేరం పెట్టాడు. “పాలిగ్రాఫ్ పరీక్షకి ఒప్పుకో. నెగ్గితే కేసు కొట్టేస్తాం. ఓడితే ఆ ఫలితం కోర్టులో చూపిస్తాం.” ఫే ఏ పాపమూ ఎరగడు. నిజం చెప్పేవాడికి భయమెందుకు? ఒప్పుకున్నాడు. యంత్రం ముందు ఓడిపోయాడు. యావజ్జీవ శిక్ష పడింది. అసలు హంతకులు బయటపడి అతను ఇంటికి వచ్చేసరికి 1980 అయింది.

ఫే జైల్లో ఊరికే కూర్చోలేదు. పాలిగ్రాఫ్ మీద దొరికిన పుస్తకాలూ వ్యాసాలూ చదివాడు. ఆ జైల్లో కూడా ఖైదీలకి ఈ పరీక్ష చేసేవారు. తప్పు చేశామని తన దగ్గర ఒప్పుకున్న 27 మంది ఖైదీలకి, పోలిక ప్రశ్నల దగ్గర కావాలని అలజడి ఎలా తెచ్చుకోవాలో కొద్దిసేపు పాఠం చెప్పాడు. వాళ్ళలో 23 మంది పరీక్షలో నెగ్గారు! నిర్దోషి ఓడిపోయాడు, దోషులు ఇరవై ముగ్గురు గట్టెక్కారు.

గట్టెక్కినవాళ్ళలో మరీ ఘనుడు ఆల్డ్రిచ్ ఏమ్స్. అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ.లో ఉద్యోగి. 1985 నుంచి డబ్బు తీసుకుని సోవియట్ యూనియన్‌కి రహస్యాలు అమ్మాడు. సి.ఐ.ఎ. తన ఉద్యోగులకి అప్పుడప్పుడూ పాలిగ్రాఫ్ పరీక్ష పెడుతుంది. ఏమ్స్‌కి 1986లో పెట్టింది, 1991లో మళ్ళీ పెట్టింది. రెండుసార్లూ నెగ్గాడు. 1994లో అతన్ని పట్టించింది యంత్రం కాదు, జీతానికి మించిన అతని ఖర్చులూ, బ్యాంకు లెక్కలూ, చెత్తబుట్టలో దొరికిన కాగితాలూ.

కొంచెం లెక్క చేద్దాం

“ఏదో ఒకటి రెండు చోట్ల తప్పు జరిగితే యంత్రమే తప్పంటారా? డాక్టర్ల పరీక్షలు మాత్రం నూటికి నూరూ సరిగ్గా వుంటాయా?” అనవచ్చు. న్యాయమైన ప్రశ్న. లెక్క వేసి చూద్దాం. ఈ పరీక్ష నూటికి తొంభై సార్లు సరిగ్గా చెబుతుందని అనుకుందాం. అంటే నూరుగురు దొంగల్లో తొంభై మందిని పట్టుకుంటుంది, నూరుగురు నిర్దోషుల్లో పదిమందిని పొరపాటున దొంగలంటుంది. పాలిగ్రాఫ్‌ని మెచ్చుకునేవాళ్ళు ఇంతకన్నా ఎక్కువే చెబుతారు. విమర్శించేవాళ్ళు ఇంత కూడా వుండదంటారు. మనం మధ్యలో వుందాం.

వెయ్యిమంది పనిచేసే ఒక ఫ్యాక్టరీలో పదిమంది దొంగలున్నారు. అందరికీ పరీక్ష చేశాం. పదిమంది దొంగల్లో తొమ్మిదిమంది దొరికారు. భేష్! మిగిలిన 990 మంది నిర్దోషుల్లో పదో వంతు, అంటే 99 మంది కూడా ‘దొరికారు’. మొత్తం 108. అష్టోత్తరం పూర్తయింది. అందులో దొంగలు తొమ్మిదిమందే. యంత్రం వేలు చూపించిన ప్రతి పన్నెండు మందిలో పదకొండుగురు ఏమీ చెయ్యనివాళ్ళు! పరీక్ష నూటికి తొంభై పాళ్ళు మంచిదైనా ఇదీ ఫలితం. నిర్దోషుల సంఖ్య ఎక్కువ కాబట్టి వాళ్ళలో పదో వంతు కూడా పెద్ద సంఖ్యే అవుతుంది.

అమెరికాలోని జాతీయ విజ్ఞాన పరిషత్తు తరఫున శాస్త్రజ్ఞుల సంఘం ఒకటి 2003లో ఇలాంటి లెక్కే వేసి అచ్చువేసింది. పదివేల మంది ఉద్యోగుల్లో పదిమంది గూఢచారులు వున్నారనుకుని, వాళ్ళలో ఎనిమిది మందినైనా పట్టుకునేలా పరీక్షని సర్దితే, యంత్రం 1,606 మందిని అనుమానిస్తుంది. అందులో 1,598 మంది అమాయకులు. ఇంత చేసినా ఇద్దరు గూఢచారులు తప్పించుకుంటారు. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. ఫలానా సంఘటన గురించి అడిగినప్పుడు, మోసగించడం నేర్చుకోని మనుషుల విషయంలో, పాలిగ్రాఫ్ బొమ్మా బొరుసా వెయ్యడం కన్నా చాలా మెరుగ్గానే చెబుతుందని కూడా ఆ సంఘం అంది. కానీ తప్పుల్లేని స్థితికి చాలా దూరంలో వుందని కూడా అంది.

మరి మీ బాబాయి సంఘంలో వెయ్యిమంది లేరు, అయిదుగురే. అక్కడ లెక్క మెరుగుపడుతుందా? పడుతుంది. ఇలాంటి సంఘాలు నూరు తీసుకోండి. మొత్తం అయిదువందల మంది, అందులో నూరుగురు దొంగలు. యంత్రం 90 మంది దొంగల్ని చూపిస్తుంది, 400 మంది నిర్దోషుల్లో 40 మందిని కూడా చూపిస్తుంది. మొత్తం 130 మందిలో 40 మంది నిర్దోషులు. దాదాపు ముగ్గురిలో ఒకరన్నమాట. ‘ఓడిపోయాడు, కాబట్టి దొంగ’ అని ఊరంతా అనుకునే వాళ్ళలో ముగ్గురికి ఒకరు డబ్బు ముట్టుకోనివాళ్ళు.

మరి ఎందుకు వాడుతున్నారు?

ఎందుకంటే యంత్రం చెప్పకపోయినా, యంత్రానికి భయపడి మనుషులు చెప్పేస్తారు. 1971లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ తన గదిలో మాట్లాడిన మాటలు టేపు మీద దొరికాయి. ఈ యంత్రాలు ఎంత సరిగ్గా పనిచేస్తాయో తనకి తెలియదు గానీ జనాన్ని హడలగొడతాయని మాత్రం తెలుసునని ఆయన అన్నాడు. అదే 1971లో జోన్స్, సిగాల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక తమాషా పద్ధతి ప్రకటించారు. ఏమీ కొలవని ఉత్తుత్తి యంత్రానికి మనిషిని కట్టి, ‘ఇది నీ మనసులో మాట చదివేస్తుంది’ అని నమ్మిస్తే చాలు, మామూలుగా దాచుకునే అభిప్రాయాలు కూడా బయటపెడతాడు.

అందుకనే పరీక్ష మొదట్లో కొందరు చిన్న పేకముక్కల ఆట ఆడిస్తారు. “ఒక ముక్క తియ్యి. నేను ఏది అడిగినా కాదను” అంటారు. చివరికి “నీ ముక్క ఇదీ” అని చెప్పేస్తారు. మీరు నోరు తెరుస్తారు. కొందరు పరీక్షకులు ఇందుకోసం గుర్తుపెట్టిన ముక్కలు వాడేవారని ఈ వృత్తిని పరిశీలించినవాళ్ళు రాశారు. గారడీవాడి బుట్టలో కూడా అవే ముక్కలుంటాయి.

హడలగొడితే దొంగ నిజం చెప్పేస్తాడు, మంచిదే కదా అంటారా? నిర్దోషి హడలిపోతే? 1973లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఒక పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడు ఇంటికి వచ్చేసరికి తల్లి హత్య అయి వుంది. అతనే పోలీసుల్ని పిలిచాడు. వాళ్ళు అతన్నే అనుమానించి, గంటల తరబడి ప్రశ్నించి, పాలిగ్రాఫ్ పరీక్ష చేసి, “యంత్రం నువ్వు అబద్ధమాడుతున్నావంటోంది” అన్నారు. యంత్రం తప్పు చెప్పదని ఆ అబ్బాయి నమ్మాడు. ‘నేనే చేసి మరిచిపోయానేమో’ అని తన జ్ఞాపకాన్నే శంకించుకున్నాడు. చివరికి నేరం ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు. శిక్ష పడింది. ఊరివాళ్ళూ, నాటక రచయిత ఆర్థర్ మిల్లర్ వంటివారూ పట్టుబట్టి కేసు తిరగతోడించాక, హత్య జరిగిన సమయంలో అతన్ని వేరేచోట చూసినవాళ్ళున్నారని తేలి, 1977లో కేసు కొట్టేశారు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు యంత్రం కన్నా, దాని మీద ఆ పిల్లవాడికున్న నమ్మకమే ఎక్కువ భయం కలిగిస్తుంది.

ఇంకో పద్ధతి

ఇదే యంత్రాన్ని మరింత న్యాయంగా వాడే మార్గం ఒకటుంది. 1959లో డేవిడ్ లికెన్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పాడు. ‘నువ్వు తీశావా?’ అని అసలు అడగరు. దొంగకి మాత్రమే తెలిసే సంగతులు అడుగుతారు. “పెట్టె తాళంచెవి ఎక్కడ దాచివుంది? గడియారం వెనకా? ఎరువుల బస్తా కిందా? దేవుడి పటం వెనకా? రిజిస్టర్ల మధ్యా? కుండ అడుగునా?” తెలియనివాడికి అయిదూ ఒకటే. తెలిసినవాడికి సరైన మాట దగ్గర గీత లేస్తుంది. నిర్దోషికి భయం వున్నా అయిదింటి దగ్గరా ఒకేలా వుంటుంది కాబట్టి భయం వల్ల నష్టం లేదు. ఒక నిర్దోషికి సరైన మాట దగ్గరే పొరపాటున గీత లేచే అవకాశం అయిదింట ఒకటి. ఇలాంటి ప్రశ్నలు ఆరు వేసి, ఆరింటా అలాగే జరగాలంటే ఆ అవకాశం 15,625లో ఒకటి. అయిదుని అయిదుతో గుణించుకుంటూ పోయి చూడండి.

జపాన్ పోలీసులు ఎక్కువగా వాడేది ఈ పద్ధతే. చిక్కల్లా ఏమిటంటే, తాళంచెవి సంగతి ఊరంతా తెలిసిపోకూడదు. ఒకసారి పేపర్లో వచ్చిందంటే ఈ పరీక్ష పనికిరాదు. పైగా మీ బాబాయి ఆ సంఘంలోనే గుమాస్తా. తాళంచెవి ఎక్కడుంటుందో ఆయనకి రోజూ తెలుసు!

బాబాయికి ఏం చెబుతారు?

మొదట చెప్పవలసింది: ఇది ఆయన ఇష్టం. మన రాజ్యాంగంలో 20వ అధికరణం మూడో భాగం ప్రకారం, నేరం మోపబడిన మనిషిని తనకి వ్యతిరేకంగా తానే సాక్ష్యం ఇమ్మని ఎవరూ బలవంతపెట్టకూడదు. పాలిగ్రాఫ్‌లో నోరు మూసుకున్నా ఒళ్ళు మాట్లాడుతుంది కదా, అది సాక్ష్యమా కాదా అని చాలాకాలం వాదనలు నడిచాయి. 2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి కేసులో తీర్పు చెప్పింది. పాలిగ్రాఫ్ గానీ, మత్తు మందిచ్చి చేసే నార్కో పరీక్ష గానీ, మెదడు తరంగాల పరీక్ష గానీ మనిషి ఒప్పుకోకుండా చెయ్యడానికి వీల్లేదంది. ఒప్పుకుని చేయించుకున్నా ఆ ఫలితాన్ని అదే సాక్ష్యంగా కోర్టులో పెట్టకూడదంది. ఎందుకంటే ఆ జవాబులు మనిషి చెప్పుచేతల్లో వున్నవి కావు.

ఇక్కడ ఒక మెలిక వుంది, పెద్దవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు. ఇష్టపడి చేయించుకున్న పరీక్ష సాయంతో తరవాత ఏదైనా వస్తువో సమాచారమో బయటపడితే, దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చని అదే తీర్పు చెప్పింది. పరీక్షలో అన్న మాటని బట్టి వెతికితే బావిలో డబ్బుసంచీ దొరికిందనుకోండి, గీతలు కోర్టుకి రావు, సంచీ వస్తుంది. కాబట్టి ‘ఎలాగూ కోర్టులో చెల్లదు, చేయించుకుంటే పోయేదేముంది?’ అనేవాళ్ళ మాట సగమే నిజం.

రెండోది: నెగ్గితే బాబాయికి ఏమొస్తుంది? కొంత అనుమానం తగ్గవచ్చు. పోలీసులు మిగతావాళ్ళ వైపు చూడవచ్చు. నెగ్గినవాడు నిర్దోషి అని కోర్టు అనదు. ఓడితే? మన లెక్క గుర్తుంది కదా, నిర్దోషులు పదిమందిలో ఒకరు ఓడతారు. అప్పుడు పోలీసుల దృష్టి ఆయన మీదే నిలిచిపోతుంది. అసలు దొంగ ఈలోగా హాయిగా వుంటాడు. ఇక ఊరివాళ్ళకి సాక్ష్యం చట్టాలతో పని లేదు. “మిషన్లో దొరికిపోయాడట” అన్న ఒక్క మాట చాలు. వేలిముద్రలు, తాళంచెవి ఎవరి చేతుల్లో తిరిగింది, ఆ రాత్రి ఎవరెక్కడున్నారు, ఎవరి అప్పులు హఠాత్తుగా తీరాయి — ఇవన్నీ మనిషి గుండె వేగంతో సంబంధం లేని సాక్ష్యాలు. వాటిని చూడమని అడగడానికి బాబాయికి పూర్తి హక్కుంది. ‘వద్దు’ అనడం నేరం కాదు, నేరం ఒప్పుకోవడమూ కాదు.

అయినా ఆయన చేయించుకుంటానంటే, అదీ ఆయన ఇష్టమే. కానీ ఎలా చెయ్యాలో జాతీయ మానవ హక్కుల సంఘం 2000లోనే నియమాలు రాసింది. సెల్వి తీర్పులో సుప్రీంకోర్టు వాటిని పాటించాలంది. ముందు లాయరుని కలవనివ్వాలి. పరీక్ష వల్ల శరీరానికీ, మనసుకీ, చట్టం దృష్టిలోనూ ఏం జరుగుతుందో పోలీసులూ లాయరూ ఇద్దరూ వివరించాలి. అక్కడ చెప్పే మాటలు పోలీసులకి చెప్పిన మాటలతో సమానమే తప్ప మేజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకోవడం కిందికి రావని స్పష్టంగా తెలియజెప్పాలి. ఆ మనిషిని ఎంతసేపు నిర్బంధంలో వుంచారో, ఎలా ప్రశ్నించారో మేజిస్ట్రేటు ఆరా తియ్యాలి. పరీక్ష పోలీసులు కాక ఆసుపత్రి వంటి వేరే సంస్థ చెయ్యాలి, అప్పుడు లాయరు అక్కడే వుండాలి. ఇక ఆ ‘సరే’ అన్న మాటని నమోదు చేసేది పోలీసు స్టేషనులో బల్ల మీద కాదు, మేజిస్ట్రేటు ఎదుట, లాయరు పక్కన వుండగా.